కిలిమంజారో నిజంగా ఏం నేర్పుతుంది? చాలా ఏళ్లుగా మనవాళ్లను కొండలకు తీసుకెళ్తున్నవాడి సమాధానం

మీరు అడిగింది ఇది: వయసు 44, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వచ్చే ఏడాది కిలిమంజారో ఎక్కాలని ఉంది. వెళ్లొచ్చిన స్నేహితుడు "జీవితమే మారిపోయింది" అంటున్నాడు. కొండ నిజంగా ఏమైనా నేర్పుతుందా, లేక ఫొటో కింద రాసుకోవడానికి చెప్పే మాటేనా?

నేర్పుతుంది. అయితే మీ స్నేహితుడు చెప్పేది ఒకటి, నేను చూసింది ఇంకొకటి. పట్టుదల ఉంటే ఏదైనా సాధించొచ్చు అని కొండ దిగిన దాదాపు ప్రతి ఒక్కరూ అంటారు. ఉత్తరకాశీలో పర్వతారోహణ కోర్సులు చేసి, ఆ తర్వాత హిమాలయాలకూ టాంజానియాకూ బ్యాచ్‌లు తీసుకెళ్తున్న నాకు పట్టుదల తక్కువై ఇబ్బంది పడ్డవాళ్లు పెద్దగా కనపడలేదు. లక్షలు ఖర్చుపెట్టి, సెలవు పెట్టి, చుట్టాలందరికీ చెప్పి వచ్చినవాళ్ల దగ్గర పట్టుదల కావలసినదానికన్నా ఎక్కువే ఉంటుంది. పైన కరువయ్యేది తెలివి. అందుకే కింద తల సరిగ్గా పనిచేస్తున్నప్పుడు తీసుకున్న నిర్ణయానికి, పైన అది పనిచెయ్యనప్పుడు కట్టుబడి ఉండటం నా లెక్కలో కొండ నేర్పే అసలు సంగతి. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను. టాంజానియాలో ఉన్న కిలిమంజారో ఆఫ్రికాలోకెల్లా ఎత్తైన కొండ, ఎత్తు 5895 మీటర్లు. మామూలు దారుల్లో తాళ్లు, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) అక్కర్లేదు కాబట్టి "నడకే కదా" అనుకుని వస్తారు. శిఖరం మీద కూడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. కానీ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో సుమారు సగానికి పడిపోతుంది, అంటే ఒక్కో శ్వాసకు మీకు అందేది సగమే. ఆయాసం వస్తుందని అందరూ ఊహిస్తారు. ఆలోచన కూడా మందగిస్తుందని మాత్రం ఎవరూ ఊహించరు.

పైకి వెళ్లే దారుల్లో ఒకటైన మచామెలో చివరి క్యాంపు బరాఫు, సుమారు 4670 మీటర్లు. అక్కడి నుంచి అర్ధరాత్రి ప్రాంతంలో బయలుదేరతాం. రాత్రి చలికి రాళ్లూ మట్టీ గడ్డకట్టి ఉంటాయి కాబట్టి కాలు జారదు. శిఖరం చేరి అదే రోజు బాగా కిందికి దిగిపోవడానికి పగలంతా మిగులుతుంది. సూర్యోదయం కోసమని జనం అనుకుంటారు గానీ అది కొసరు. ఆరేడు గంటలపాటు హెడ్‌ల్యాంప్ వెలుగులో ముందువాడి మడమలు చూస్తూ నడవడమే. ఆ చీకట్లో మనుషులు చేసే పనులు చూడాలి. పెద్ద పెద్ద ప్రాజెక్టులు నడిపే మనిషి బూటు లేసు కట్టుకోలేక దాన్ని చూస్తూ నిలబడిపోతాడు. ఫొటో కోసం గ్లౌజు తీసి, మళ్లీ వేసుకోవాలన్న ఆలోచనే రాక వేళ్లు మొద్దుబారేదాకా అలాగే నడిచినవాళ్లున్నారు. రాయి మీద కూర్చుని "ఒక్క పది నిమిషాలు పడుకుంటా, మీరు వెళ్తూ ఉండండి" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఆ చలిలో పది నిమిషాలు పడుకోవడమంటే ఏమిటో వాళ్లకు కింద బాగా తెలుసు.

ముందుకెళ్లాలా, వెనక్కి తిరగాలా అని ఇలాంటి సమయంలో మనిషిని అడిగితే ఏం చెప్తాడు? నీరసంగా ఉన్నవాడు కారణం లేకపోయినా దిగిపోతానంటాడు. మొండివాడు కాళ్లు తడబడుతున్నా పైకే అంటాడు. రెండూ ఆలోచించి చెప్పిన జవాబులు కావు. అందుకే కొండ కింద ఉన్న మోషీ ఊళ్లో, హోటల్‌లో అన్నం తిని తీరిగ్గా కూర్చున్నప్పుడే ఒక కాగితం రాయిస్తాను. అగ్నిబిలం అంచున ఉన్న స్టెల్లా పాయింట్‌కు, అంటే 5756 మీటర్లకు, ఉదయం ఎన్నింటికల్లా చేరకపోతే తిరిగిపోవాలి? నడకలో తూలితే ఎవరి మాట వినాలి? భార్యాభర్తలు కలిసి వస్తే ఒకరు దిగిపోవాల్సి వచ్చినప్పుడు రెండోవాళ్లు ఏం చేస్తారు? ఈ మూడోదాని మీద మోషీలో చిన్న గొడవలే అవుతుంటాయి. అక్కడ అయితే మంచిదే, 5500 మీటర్ల దగ్గర కాకుండా ఉంటే చాలు.

దీన్ని పక్కనపెడితే ఏమవుతుందో చెప్పడానికి 1996 మే 10 నాటి ఎవరెస్ట్ ఒక్కటి చాలు. మధ్యాహ్నం ఒంటిగంటకు, మరీ ఆలస్యమైతే రెండుకల్లా వెనుదిరగాలని ముందే మాట్లాడుకున్న రోజు అది. రెండు దాటాక కూడా చాలామంది పైకి వెళ్తూనే ఉన్నారు. న్యూజిలాండ్‌కు చెందిన గైడ్ రాబ్ హాల్ అంతకుముందు ఏడాది ఒక క్లయింటును శిఖరానికి దగ్గర్లో వెనక్కి తిప్పి ప్రాణాలతో తీసుకొచ్చాడు. 1996లో అదే మనిషితో సాయంత్రం దాకా పైనే ఉండిపోయాడు. తుఫాను వచ్చింది. ఆ రోజూ మర్నాడూ కలిపి ఎనిమిదిమంది చనిపోయారు, వాళ్లిద్దరూ అందులో ఉన్నారు. హాల్‌కు అనుభవం తక్కువేమీ కాదు. మన నెల్లూరు జిల్లా మనిషి మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాల్ని 172 రోజుల్లో ఎక్కారు. అంతటి ఆయనే 2015లో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి ప్రాణాలు కోల్పోయారు. అనుభవం ఉంటే కొండ వదిలేస్తుందన్న ధీమా నాకు అందుకే లేదు.

ఇది జీవితంలో ఎక్కడ పనికొచ్చిందని అడుగుతారేమో. మా నాన్నగారికి పెద్ద ఆపరేషన్ అనగానే అన్నదమ్ములం, చెల్లెలు, అమ్మ కూర్చుని డాక్టర్లతో ఎవరు మాట్లాడాలి, వెంటిలేటర్ దాకా వస్తే ఏం చెయ్యాలి, ఏది ఆయనకు ఇష్టం లేదో ఆయన్నే అడిగి రాసుకున్నాం. అశుభం మాట్లాడుతున్నామని మేనత్త కోప్పడింది. ఐసీయూ బయట తెల్లవారుజామున రెండింటికి నిద్రలేని మొహాలతో నిలబడ్డప్పుడు మా ఐదుగురి మధ్యా ఒక్క మాట తేడా రాలేదు. నా బ్యాచ్‌లో వచ్చిన ఒకాయన స్థలాల వేలానికి వెళ్లే ముందు తన గరిష్ఠ ధర రాసి భార్య చేతికి ఇచ్చి వెళ్తాడట. కొండ దగ్గర నేర్చుకున్నదే అంటాడు.

ఇక వేగం సంగతి. కిలిమంజారో గైడ్లు రోజంతా అనే మాట "పోలె పోలె", అంటే మెల్లగా మెల్లగా. పెళ్లి ఊరేగింపులో నడిచినట్టు నడిపిస్తారు. మారథాన్లు పరిగెత్తే కుర్రాళ్లకు ఇది నరకం. మొదటి రోజు అడవిలో అందర్నీ దాటుకుని క్యాంపుకు ముందే చేరి, పకోడీలు తింటూ మిగతావాళ్ల కోసం ఎదురుచూస్తుంటారు. మూడో రోజుకు తలనొప్పి, కడుపులో తిప్పడం. కండబలం వేరు, ఎత్తుకు ఒళ్లు అలవాటుపడటం వేరు. జిమ్ముకెళ్లేవాడికి కొండజబ్బు రాదన్న హామీ ఏమీ లేదు. పైగా కాళ్లలో సత్తా ఉన్నవాడు త్వరగా పైకి పోగలడు కాబట్టి వాడికే ప్రమాదం ఎక్కువ.

వైద్యులు సాధారణంగా చెప్పేది, 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగమని. ఇప్పుడు ఆరు రోజుల మచామె ప్యాకేజీ చూడండి. సుమారు 1800 మీటర్ల గేటు దగ్గర మొదలుపెట్టి ఐదో రోజు ఉదయానికి 5895 మీటర్లు. రెండో రాత్రే దాదాపు వెయ్యి మీటర్ల గెంతు. ఏజెంట్ మీకు ఇది చెప్పడు. చెప్పినా "అందరూ ఇలాగే వెళ్తారు సార్" అంటాడు. మూడో రోజు లావా టవర్ దాకా, అంటే 4600 మీటర్లు దాటేదాకా, ఎక్కించి రాత్రి పడుకోవడానికి సుమారు 3960 మీటర్ల బరాంకో క్యాంపుకు దింపేది ఈ గెంతును కొంత సర్దడానికే. పైకి ఎక్కి కింద పడుకోవడం. సాయంత్రం అంత ఎక్కి మళ్లీ దిగినందుకు "వేస్ట్" అని విసుక్కునేవాళ్లుంటారు. శరీరం మటుకు ఆ రోజు చాలా పని చేసింది. మచామెలో ఏడు రోజులు, లెమోషో దారిలో ఎనిమిది రోజులు తీసుకోండి. ఆ అదనపు రోజుకయ్యే డబ్బు జాకెట్ మీద పెట్టే డబ్బుకన్నా ఎక్కువ పని చేస్తుంది. జాకెట్ మోషీలో అద్దెకు కూడా దొరుకుతుంది.

మనవాళ్ల విషయంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది వేగం కూడా కాదు, మొహమాటం. ప్రతి సాయంత్రం భోజనాల గుడారంలో గైడు ఒక్కొక్కరినీ అడుగుతాడు: తలనొప్పి ఉందా, తిన్నారా, వాంతి అయిందా, నిద్ర పట్టిందా. వేలికి ఆక్సీమీటర్ పెడతాడు. అందరి ముందు "బాగానే ఉంది" అనేస్తారు, మగవాళ్లు మరీ. తన టీమ్‌లో జూనియర్లతో కలిసి వచ్చిన ఒక మేనేజర్ గుడారం వెనకాల వాంతి చేసుకుని, మట్టి కప్పి, వచ్చి నవ్వుతూ సూప్ తాగాడు. మర్నాడు పొద్దున మా గైడు ఆయన్ని ఏమీ అడగలేదు. మడమకు బొటనవేలు ఆనించి ఒక గీత మీద నడవమన్నాడు. నాలుగడుగులకే పక్కకు ఒరిగాడు. మెదడులో వాపు మొదలైందనడానికి అలా తూలడం పెద్ద గుర్తు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. రెండింటికీ మొదటి వైద్యం ఒక్కటే, వెంటనే కిందికి దింపడం. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. ఆయన్ని ఇద్దరు మనుషుల సాయంతో వెంటనే దింపారు, సాయంత్రానికి కోలుకున్నాడు.

తర్వాత ఆయన నాతో అన్న మాట చెప్పాలి. "ఆఫీసులో నా టీమ్ నా దగ్గర సమస్యలు ఎందుకు దాస్తుందో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. అందరి ముందు అడిగితే ఎవడూ చెప్పడు. ఇప్పుడు నేను గుడారాల దగ్గరికి విడివిడిగా వెళ్లి అడుగుతాను. గుడారం పంచుకున్నవాళ్లనూ అడుగుతాను, వాళ్లు అబద్ధం చెప్పరు. భార్య వెంట వస్తే ఇంకా సులువు, మూడు రోజుల నుంచి ఈయన సరిగ్గా తినట్లేదండీ అని మనం అడక్కముందే చెప్పేస్తుంది.

"నేను ఎక్కాను" అనే మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. కిలిమంజారో మీద మీ గుడారం, గ్యాస్, కూరగాయలు, నీళ్లు, మీ పెద్ద సంచీ, కొన్ని బ్యాచ్‌లకు మరుగుదొడ్డితో సహా మోసేది పోర్టర్లు. ఒక్కొక్కరికి బరువు పరిమితి 20 కిలోలు, గేటు దగ్గర తూకం వేస్తారు. మీరు పొద్దున్నే బయలుదేరాక వాళ్లు క్యాంపు విప్పి, మూటలు నెత్తిన పెట్టుకుని దారిలో మిమ్మల్ని దాటి, మీరు చేరేసరికి మళ్లీ గుడారాలు వేసి టీ కాస్తారు. ఒక క్లయింటుకు ముగ్గురు నలుగురు మనుషుల పని.

చరిత్ర కూడా ఇదే చెప్తుంది. ఈ శిఖరాన్ని మొదట ఎక్కినవాళ్లుగా పుస్తకాల్లో ఉన్న పేర్లు జర్మనీకి చెందిన హాన్స్ మేయర్, ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్, 1889 అక్టోబర్‌లో. మేయర్ 1887లో మంచు దగ్గర ఆగి వెనుదిరిగాడు. 1888లో కొండ దాకా కూడా రాలేకపోయాడు, తూర్పు ఆఫ్రికా తీరంలో జర్మన్ల మీద జరిగిన తిరుగుబాటులో బందీగా చిక్కి డబ్బు కట్టి బయటపడ్డాడు. మూడోసారి దారి పొడవునా క్యాంపులు పెట్టించి, కింది నుంచి తిండి వస్తూ ఉండేలా ఏర్పాటు చేసుకున్నాడు. ఒక ప్రయత్నం తప్పితే మొత్తం కిందికి దిగాల్సిన పని లేకుండా. 1887లోనూ ఆయనకు పట్టుదల ఉంది. 1889లో కొత్తగా తోడైంది పైదాకా తిండి మోసుకొచ్చి అందిస్తూ ఉండే ఏర్పాటు. ఆ యాత్రలో దారి చూపిన చాగా తెగ కుర్రాడిగా యొహానీ కిన్యాలా లావువో పేరును టాంజానియాలో ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు.

పోర్టర్ల బూట్లు చూసి కంపెనీని ఎంచుకోండి అని నేను చెప్తుంటాను. మీకు కోట్ ఇచ్చిన కంపెనీని జీతం ఎంత ఇస్తారు, రోజుకు ఎన్నిసార్లు తిండి పెడతారు, టిప్పులు ఎవరి చేతికి వెళ్తాయి అని అడగండి. పోర్టర్ల హక్కుల కోసం కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ పనిచేస్తోంది, దాని భాగస్వామి కంపెనీల పేర్లు బయటికి దొరుకుతాయి. చవగ్గా వచ్చే ప్యాకేజీలో ఆ తగ్గింపు ఎవరి జేబులోంచి వస్తోందో ఊహించడం కష్టం కాదు.

దిగడం గురించి ఎవరూ రాయరు. శిఖరం మీద పది పదిహేను నిమిషాలు, బోర్డు దగ్గర ఫొటో, అంతే. అదే రోజు బరాఫుకు దిగి, కాస్త తిని, మళ్లీ సుమారు 3100 మీటర్ల మ్వెకా క్యాంపు దాకా నడవాలి. ఒక్క రోజులో 2700 మీటర్లకు పైగా దిగడం. గోళ్లు నల్లబడతాయి, మోకాళ్లు ఏడుస్తాయి. ఒంట్లో ఉన్న శక్తంతా పైకి చేరడానికే ఖర్చుపెట్టినవాళ్లు ఇక్కడే పడి దెబ్బలు తగిలించుకుంటారు. శిఖరం చేరేసరికి ఇంకా సగం ఓపిక మిగిలి ఉండాలన్నది కూడా మోషీ కాగితంలో ఉంటుంది. చదివినప్పుడు అందరూ తలూపుతారు.

మీ స్నేహితుడి "జీవితమే మారిపోయింది" దగ్గరికి వస్తాను. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఇంటికొచ్చిన మూడు వారాలకు అదే ట్రాఫిక్, అదే టెన్షన్, అదే కోపం. కొండ మీద వారం రోజులు ఫోన్ లేకుండా ప్రశాంతంగా ఉన్నవాడు విమానం దిగగానే మెయిళ్లు చూస్తాడు. మారినవాళ్లను కూడా చూశాను, వాళ్లను మార్చింది చాలావరకు ముందరి ఎనిమిది పది నెలలు. పొద్దున్నే లేవడం, మెట్లెక్కడం, సిగరెట్ మానడం, ఇంట్లోవాళ్లతో కలిసి నడవడం.

మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిందని మనందరికీ తెలుసు, తోడుగా సాధనపల్లి ఆనంద్ కుమార్ ఉన్నాడు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి. గురుకుల పాఠశాలలో చదువుతుండగా భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో కోర్సు చేసి, లడఖ్ చలిలో సాధన చేసి, ఆ తర్వాత టిబెట్ వైపు నుంచి ఎక్కింది. ఆ పిల్లల ధైర్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. కానీ వందమందికి పైగా పిల్లల్లోంచి మెట్టు మెట్టుగా ఏరి, నేర్పి, ఖర్చు భరించి, వెంట కోచ్‌నూ షెర్పాలనూ పంపిన గురుకుల సంస్థ గురించి తక్కువ మాట్లాడతాం. పిల్లల్ని స్ఫూర్తి పొందమంటాం, ఆ ఏర్పాటు మాత్రం మన ఊరి బడిలో చెయ్యం.

మీకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ఆపేస్తాను. 44 పెద్ద వయసు కాదు, 60 దాటినవాళ్లు హాయిగా ఎక్కారు. గుండె, బీపీ, షుగర్ పరీక్షలు ముందే చేయించుకోండి. ఎత్తుకు ఒళ్లు అలవాటుపడటానికి వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి డాక్టర్‌ను అడగండి, సల్ఫా మందులు పడకపోతే తప్పకుండా చెప్పండి. అది వేసుకుంటే వేళ్లు చిమచిమలాడతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, కంగారు పడొద్దు. ఇక్కడే ఒకటి రెండు రోజులు వేసుకుని చూసుకోండి. కాళ్లకు సాధన కావాలంటే అలిపిరి మెట్లు, సంచీలో ఆరేడు కిలోల బరువుతో, ఎక్కడంతో పాటు దిగడం కూడా. ఎత్తు అలవాటు మాత్రం మన దగ్గర దొరకదు, ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండలే 1700 మీటర్ల లోపు. అందుకే వీలైతే ముందు హిమాలయాల్లో 4000 మీటర్లు దాటే ట్రెక్ ఒకటి చేసి, మీ ఒళ్లు ఎలా స్పందిస్తుందో చూసుకోండి.

జూన్ నుంచి అక్టోబర్, లేకపోతే జనవరి నుంచి మార్చి మొదటి వారాలు మంచి సమయం. ఏప్రిల్, మే నెలల్లో కుండపోత వాన, చవగ్గా వస్తుందని వెళ్లకండి. చివరి రాత్రి నీళ్ల బాటిల్‌ను తలకిందులుగా పెట్టుకోండి, పైభాగం ముందు గడ్డకడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు మిగులుతాయి. ట్యూబ్‌తో తాగే సంచీలు అక్కడ పనిచెయ్యవు. ఫోన్ లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోకపోతే చలికి బ్యాటరీ పడిపోతుంది, ఆ బోర్డు దగ్గర ఫొటో ఉండదు. మీ రిపోర్టులు వచ్చాక, ఎన్ని రోజుల ప్యాకేజీ అంటున్నారో కూడా ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.